పొద్దు గుంకే లోపల కూలి

హాలహర్వి, 14 ఫిబ్రవరి 2024, భస్మ బుధవారం

సాయంత్రం ఆరాధనలో ఆడవాళ్ళ వైపు చాపలు సగం ఖాళీ. సంక్రాంతి మర్నాటి నుంచీ బండ్లు కదులుతూనే ఉన్నాయి. నిరుడు వానలు మోసం చేశాయి. ప్రభుత్వం అక్టోబరు ఆఖరున రాష్ట్రంలో 103 మండలాల్లో కరువని ప్రకటించింది. ప్రకటన సంగతి ఎట్లున్నా, ఒక్క తీతకే ఎండిపోయిన పత్తి చేలు చూసినవాళ్ళకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. గుంటూరు, పల్నాడు పక్కకు మిరపకోతకు కొందరు పోయారు. తెలంగాణకు పత్తి తీయను కొందరు, బెంగళూరుకు మట్టిపనికి మరి కొందరు. ఇట్లా సుగ్గికి, అంటే కోతపనులకు వలస పోవడం మా ఊళ్ళకు కొత్త కాదు. తుంగభద్ర దిగువ కాలువ మా మండలం మీదుగానే, గూళ్యం దగ్గర వేదవతిని దాటుకొని పోతుంది. ఆ నీళ్ళను చూస్తూ చూస్తూనే ఇండ్లకు తాళాలు వేసుకొని పోతారు మావాళ్ళు.

పాస్టరుగారు యెషయా 58వ అధ్యాయం చదివించారు. ఉపవాసం ఉన్న రోజే తమ పనివాళ్ళ చేత గొడ్డుచాకిరీ చేయించుకునేవాళ్ళ మీద ప్రవక్త కోపగించుకున్న అధ్యాయమది. ఆరాధన అయ్యాక నలభై రోజులూ ఒక్కపొద్దు ఉండేవాళ్ళు పేర్లు ఇచ్చారు. ఉండనీ, మంచిదే. ఏడాదిలో ఎన్నో పూటలు ఒక్కపొద్దుతోనే గడిపే ఆడమనుషులకు మాత్రం ఉపవాసం ప్రత్యేకంగా నేర్పాల్సిందేమీ లేదు. వాళ్ళు కడుపునిండా తినే రోజు కోసం మిగతావాళ్ళం ఏం చేస్తున్నామన్నదే యెషయా ప్రశ్న. ఈ నలభై రోజుల లెంటులో దాన్ని గురించే రాసుకుంటాను.

18 ఫిబ్రవరి, ఆదివారం

మధ్యాహ్నం మా సంఘం స్త్రీల మైత్రి కూటంలో రూతు గ్రంథం మొదలుపెట్టాం. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ముసలివాళ్ళే. కొడుకులూ కోడండ్లూ సుగ్గికి పోతే, మనవళ్ళను పెట్టుకొని ఇంటి దగ్గర మిగిలినవాళ్ళు.

నేను చదివేది, వాళ్ళు ఆపేది. మొదటి వచనంలోనే బేత్లెహేములో కరువు వస్తుంది కదా, ఒక అవ్వ అక్కడే ఆపింది. "ఆళ్ళూ కరువుకే లేసిపోయినారా మేడం?" అంది. అవునన్నాను. "పిల్లల్ని తోడుకొని పోయినారా, అత్త దగ్గర ఇడిసిపెట్టి పోయినారా?" ఇన్నేండ్లలో రూతు మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో! వాటిలో అత్తమీద కోడలికున్న ప్రేమ గురించి చెప్పారు, విధేయత గురించి చెప్పారు, దావీదు వంశావళి గురించి చెప్పారు. అది వలసకూలి ఆడమనిషి కథ అని మాత్రం ఎవరూ విప్పి చెప్పలేదు. పరాయి ఊరు, పరాయి పొలం. తినడానికి గింజ కావాలంటే కోతగాళ్ళ వెనక వంగి పరిగె ఏరుకోవాలి. అక్కడ మగపనివాళ్ళు ఆమెను ముట్టకూడదని బోయజు ప్రత్యేకంగా ఆజ్ఞ ఇవ్వాల్సి వచ్చింది. అలాంటి ఆజ్ఞ అవసరమైందంటే, పొలాల్లో ఒంటరి ఆడకూలీకి ఏం జరిగేదో రాసినవాడికి తెలుసు.

దీనిమీద ఆ అవ్వలు చాలాసేపు మాట్లాడుకున్నారు. చేలగట్టున టార్పాలిన్ కప్పుకొని పడుకోవడం, చీకట్లో బయటికి పోవాలంటే నలుగురు కలిసి లేవడం, నీళ్ళు తెచ్చుకునే బోరు దగ్గర మాటలు పడటం. ఒకామె తన వయసులో జరిగినది చెప్పబోయి ఊరుకుంది. ఎవరూ రెట్టించలేదు. పొలం అంచులూ రాలిన పనలూ బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని మోషే ధర్మశాస్త్రం చెబుతుంది. రూతు ఏరుకున్నది బోయజు వేసిన బిచ్చం కాదు, ధర్మశాస్త్రం ఇచ్చిన హక్కు. దీన్ని రెండుసార్లు చెప్పాను.

21 ఫిబ్రవరి

బడిలో నా ఏడో తరగతిలో ఇంకో ఇద్దరు ఆడపిల్లలు తగ్గారు. వలసపోయేవాళ్ళ పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ళు నడుపుతారు, మంచి ఏర్పాటే. కానీ చంటిబిడ్డ ఉన్న తల్లి పెద్దకూతుర్ని హాస్టల్లో వదలదు. ఆమె కాయ కోస్తుంటే ఉయ్యాల ఊపేదెవరు? బిడ్డ తల్లికి కూలి, బిడ్డను ఎత్తుకున్న పిల్లకు ఏమీ లేదు.

హాజరుపట్టీలో ఆ పేర్లు కొట్టేయబుద్ధి కాలేదు.

1 మార్చి, శుక్రవారం

ఇవాళ స్త్రీల ప్రపంచ ప్రార్థన దినం. ఏటా మార్చి మొదటి శుక్రవారం. 1887లో మేరీ జేమ్స్ అనే అమెరికా ప్రెస్బిటేరియన్ స్త్రీ ఒక రోజు ప్రార్థనకు పిలుపునిచ్చింది. అట్లా మొదలైనది 1927 నాటికి ప్రపంచ ప్రార్థన దినమైంది. ఒక్కో ఏడు ఒక్కో దేశం స్త్రీలు ఆరాధన క్రమం రాసి పంపుతారు, లోకమంతా ఆ రోజు అదే చదువుకుంటుంది. ఈ ఏడాది వంతు పాలస్తీనా స్త్రీలది. ఎఫెసీ పత్రిక నాలుగో అధ్యాయం ఆధారంగా వాళ్ళు దీన్ని యుద్ధానికి ముందే రాసిపెట్టారు. అది మన చేతికందే నాటికి గాజా నేలమట్టమైపోయింది.

క్రమంలో ముగ్గురు పాలస్తీనా స్త్రీల కథలున్నాయి. ఇండ్లు పోగొట్టుకున్నవాళ్ళు, ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ళు. నేను తెలుగులో చదువుతుంటే, కన్నడమే ఎక్కువ అలవాటున్న ఇద్దరికి పక్కనున్న ఆమె మెల్లగా చెబుతోంది. బళ్ళారి పోయే బస్సు చర్చి అరుగు ముందరే ఆగే ఊరు మాది, ప్రార్థన రెండు భాషల్లో నడవడం మామూలే. ఇంతలో వెనకనుంచి ఒకామె అడిగింది: "ఆళ్ళకి తాగను నీళ్ళుండాయా?" లేవన్నాను. గుక్కెడు నీళ్ళకు వరుసలో నిలబడుతున్నారని పేపర్లో చదివిందే చెప్పాను. అంతే, అప్పటిదాకా ఉన్న ప్రార్థన వేరు, అక్కడినుంచి నడిచిన ప్రార్థన వేరు. అరవై దాటిన మనిషి, గాజా పటంలో ఎక్కడుందో తెలియని మనిషి, నీళ్ళ కోసం ఏడ్చి ప్రార్థించింది. బిందె నెత్తిన పెట్టుకొని ఎండలో ఎంతదూరమైనా నడిచిన కాళ్ళు ఆమెవి. ఆ ఏడుపు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు.

లోకంలోని బీద స్త్రీల కోసం సంఘం భారం కలిగి ఉండాలని మాకు చెబుతుంటారు. మా సంఘమే బీద స్త్రీలు. భారం వాళ్ళదే, ప్రార్థన వాళ్ళదే, కానుకలో పడే చిల్లర వాళ్ళదే. వాళ్ళను "సహాయం పొందేవాళ్ళు"గా లెక్కగట్టే మాట నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

3 మార్చి, ఆదివారం

ఆఖరి చాప మీద కూర్చునే అవ్వ ఇవాళ ఆరాధన అయ్యాక నాతో కూడా ఇంటిదాకా వచ్చింది. పింఛను పుస్తకంలో ఏదో చూపించాలని. చూసి చెప్పాను. కాఫీ తాగింది. వెళ్ళే ముందు గడపలో కూర్చొని తనంతట తానే మొదలుపెట్టింది.

ఆమె బసివి. ఎనిమిదో తొమ్మిదో ఏట దేవుడి పేర తాళి కట్టించారు. ఇంట్లో మగబిడ్డ లేడు. తండ్రి మొక్కుకున్నాడు. బసివిగా విడిచిన కూతురు కొడుకుతో సమానం, ఆస్తి ఆమెకు వస్తుంది, ఆమె పిల్లలు తాత వంశం కింద లెక్క. మా పక్క ఆచారం ఇదే. అప్పటి బళ్ళారి జిల్లాలో దీన్ని దగ్గరగా చూసిన ఫాసెట్ అనే ఆంగ్లేయ పోలీసు అధికారి 1891లోనే ఒక వ్యాసం రాశాడు, ఈ స్త్రీలకు మగవాడి హక్కులు వస్తాయని. కాగితం మీద అది నిజమే కావచ్చు. "ఏం ఆస్తమ్మా, రెండెకరాల రాళ్ళచేను. అదీ చిన్నాయన కొడుకులు దున్నుకుంటాండారు," అంది అవ్వ. తాళి కట్టినవాడు రాయి. ఇంటికి వచ్చిపోయినవాళ్ళలో బిడ్డకు తండ్రినని చెప్పినవాడు ఒక్కడూ లేడు.

చట్టాలు లేక కాదు. మద్రాసు రాజధానిలో ముత్తులక్ష్మి రెడ్డి ఏండ్ల తరబడి పోరాడితే 1947లో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. మా ఆలూరు, ఆదోని, రాయదుర్గం అప్పుడు బళ్ళారి జిల్లాలోనే ఉన్నాయి కాబట్టి అది మాకూ వర్తించేది. 1953 అక్టోబరు 1న ఈ తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలో కలిశాయి. 1988లో ఆంధ్రప్రదేశ్ ఇంకో చట్టం చేసింది, బసివి, జోగిని, మాతమ్మ అన్ని పేర్లనూ కలిపి. అవ్వకు తాళి కట్టింది మొదటి చట్టం వచ్చాకే.

అవ్వ వెళ్ళాక న్యాయాధిపతుల గ్రంథం 11వ అధ్యాయం తీశాను. యెఫ్తా యుద్ధంలో గెలిస్తే ఇంటినుంచి ఎదురొచ్చిన దాన్ని దేవుడికి అర్పిస్తానని మొక్కుకుంటాడు. ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు. తంబుర వాయిస్తూ, నాట్యం ఆడుతూ వచ్చింది. మొక్కు తండ్రిది, ప్రాణం పిల్లది. ఆ అధ్యాయం మీద ప్రసంగాలు అరుదు. చెప్పినా యెఫ్తా మాట నిలబెట్టుకున్నాడనే చెబుతారు. నేను ఒప్పుకోను. దేవుడు ఆ మొక్కు అడిగినట్టు అక్కడ ఎక్కడా రాసిలేదు. ఇశ్రాయేలు ఆడపిల్లలు ఏటా నాలుగు రోజులు ఆమె కోసం విలపించేవాళ్ళని మాత్రం రాసి ఉంది. ఊరి పెద్దలు ఏమనుకున్నారో రాయని గ్రంథం ఆడపిల్లల ఏడుపును రాసిపెట్టింది.

గుర్రం జాషువా కూతురు హేమలతా లవణం నిజామాబాదు జిల్లాలో జోగినుల మధ్య ఏండ్లకేండ్లు పని చేశారు. ఆమె మెట్టినిల్లు నాస్తికోద్యమం. ఆ జోగినుల ఇండ్లకు ఆమె నడిచి వెళ్ళిన దారిని నేను క్రీస్తు దారి అనే అంటాను. ఆమె దాన్ని ఇంకో పేరుతో పిలిచినా సరే.

అవ్వకు మా సంఘంలో ప్రభురాత్రి భోజనం ఇవ్వడానికి కొందరు పెద్దలు ఇంకా వెనకాడుతున్నారు. ఈస్టరుకు ముందే ఈ సంగతి పాస్టరుగారితో తేల్చుకుంటాను. సమరయ స్త్రీతో బావి దగ్గర కూర్చొని మాట్లాడినవాడి బల్ల అది, మనది కాదు.

8 మార్చి

మహిళా దినోత్సవం. బడిలో ఉపన్యాసాలు, పూలగుత్తులు, ఫోటో. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి చక్కగా మాట్లాడింది. పదో తరగతి పరీక్షలయ్యాక ఆ పిల్లకు పెళ్ళి చేస్తారని తరగతంతా చెప్పుకుంటోంది. ఇంకా ఏడాది ఉంది, వాళ్ళమ్మతో మాట్లాడాలి.

రాత్రి క్యాథరిన్ హామ్లిన్ గురించి మళ్ళీ చదివాను. ఆస్ట్రేలియా డాక్టరమ్మ. క్రైస్తవ విశ్వాసంతోనే భర్త రెజినాల్డుతో కలిసి 1959లో ఇథియోపియా వెళ్ళింది, 2020లో చనిపోయేదాకా అక్కడే ఉంది. చిన్నవయసులో కాన్పు, రోజుల తరబడి నొప్పులు, దగ్గర్లో ఆసుపత్రి లేదు. బిడ్డ చనిపోతుంది, తల్లి లోపల చిరుగుపడి మూత్రం ఆగకుండా కారుతుంది. ఫిస్టులా అంటారు. వాసనకు భర్త వదిలేస్తాడు, ఊరు వెలివేస్తుంది. అలాంటి ఆడపిల్లల కోసమే ఆ భార్యాభర్తలు 1974లో అడిస్ అబాబాలో ఆసుపత్రి తెరిచారు. మార్కు సువార్తలో పన్నెండేండ్లు రక్తస్రావంతో ఉండి, గుంపులో వెనకనుంచి వచ్చి యేసు వస్త్రం ముట్టుకున్న ఆమె ఉంది కదా, ఆమెకు ఆయన నలుగురిలో "కుమారీ" అని బంధుత్వం కలిపాడు. వైద్యం ఒక ఎత్తు, ఆ పిలుపు ఒక ఎత్తు. హామ్లిన్ కోలుకున్న ఆడపిల్లలకు ఇంటికి వెళ్ళేటప్పుడు కొత్త గుడ్డలు కట్టించి పంపేదట.

మా దగ్గర ఫిస్టులా ఇప్పుడు తక్కువే. ఆ రోగం పుట్టే మొదలు మాత్రం, ఆడపిల్లకు తొందరపడి చేసే పెళ్ళి, చెక్కుచెదరకుండా అట్లాగే ఉంది. సుగ్గికి పోయేటప్పుడు వయసొచ్చిన పిల్లను ఇంట్లో వదలలేరు, చేల దగ్గరికి తీసుకుపోనూ భయం. అందుకే పెళ్ళి. పేదరికం అనే మాటలో ఇంత ఉంది.

12 మార్చి

1876 నాటి ధాత కరువు గురించి చదువుతున్నాను. రెండేండ్ల కరువులో బళ్ళారి జిల్లా జనం ఐదింట ఒక వంతు తగ్గిపోయారు, కర్నూలు జిల్లాలో నాలుగింట ఒక వంతుకు పైగా. ఈ నేలే, ఈ ఊళ్ళే. అప్పుడు కరువు పనుల ఖర్చు తగ్గించమని ప్రభుత్వం సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపింది. మగకూలీకి దినానికి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడాయన. పౌను అంటే అరకిలో కూడా కాదు. ఎండలో రాళ్ళు కొట్టే మనిషికి అది! ఆడకూలీకి అంతకంటే తక్కువ. మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ ఆ తిండితో మనిషి బతకడని గట్టిగా వాదించాడు. తూకం వేసి మరీ మనుషుల్ని చంపిన కరువది.

అదే కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒక పని చేశాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం తానే కాంట్రాక్టుకు తీసుకొని, వేలమందికి పని చూపించాడు. వచ్చినవాళ్ళకు బోధ జరిగింది, కానీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూడు కోసం వచ్చినవాడు కూడు కోసమే మతం పుచ్చుకున్నాడన్న మాట రాకూడదని కరువు సాయం ముగిసేదాకా ఆపేశాడు. ఆ తరవాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె ప్రతి సంఘంలోనూ గొప్పగా చెప్పుకుంటారు. నాకు దానికంటే ఆ ఆగిన నెలలు గొప్ప. మనిషి ఆకలిగా ఉన్నప్పుడు పని ఇవ్వు, కూలి ఇవ్వు, బదులు ఏమీ అడగవద్దు.

క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. ఆడవాళ్ళ హక్కుల కోసం ఇంగ్లండులో ముందుగా కలంపట్టినవాళ్ళలో ఒకరైన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద 1898లో ఒక పుస్తకం రాసింది. మరుసటి ఏడే, చెప్పులు కుట్టే మాదిగల నోటివెంట విన్న కథలతో ఇంకో పుస్తకం. ఆ రెండు పుస్తకాలూ ఒకే చేత్తో, ఒంగోలులో పనిచేసిన మనిషి రాసినవని తలచుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

17 మార్చి

ఎన్నికల షెడ్యూలు వచ్చింది, మే 13న పోలింగు. సుగ్గికి పోయినవాళ్ళను తీసుకురావడానికి బస్సులు పెడతారని అప్పుడే మాటలు వినిపిస్తున్నాయి. ఓటుకు బస్సు దొరుకుతుంది. నిండు గర్భిణి కోతచేను నుంచి కాన్పుకు రావడానికి దొరకదు.

24 మార్చి, మట్టల ఆదివారం

రెండు బండ్లవాళ్ళు తిరిగొచ్చారు. చర్చి నిండింది. పిల్లలు ఈతమట్టలు పట్టుకొని వీధంతా తిరిగారు.

ప్రార్థనకు చేతులు జోడించినప్పుడు పక్కనున్న అక్క చేతులు చూశాను. ముప్పై ఐదేండ్లుంటాయేమో. బొటనవేలు, చూపుడువేలు మొనల దగ్గర చర్మం పొరలు పొరలుగా లేచి, గోళ్ళ చుట్టూ ఎర్రగా ఉబ్బి ఉంది. మిరపకాయ తొడిమ పట్టి తుంచి తుంచి గోరు పక్కకు తిరిగింది. ఎన్నిసార్లు కడిగినా ఘాటు పోదట. మొదటి వారం రాత్రిళ్ళు చేతులు మజ్జిగలో పెట్టుకొని కూర్చుంటారట. చంటిబిడ్డకు పాలిచ్చేటప్పుడు చేయి తగిలితే బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుందని, రొమ్ము బిడ్డ నోటికి అందించడానికి కూడా మోచేత్తో సర్దుకుంటారట. ఇది చెబుతూ ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆమె కూతురు నా ఏడో తరగతి పిల్లే. సంచిలోంచి నోటుబుక్కు తీసి చూపించింది. నేను లెక్కలకని ఇచ్చిన రూళ్ళ పుస్తకం. ప్రతి పేజీలో తారీకు, అమ్మ కోసిన కిలోలు, నాయన కోసిన కిలోలు. మూడో గడిలో, కూలీల్ని తీసుకుపోయిన మేస్త్రీ చెప్పిన కిలోలు. వాళ్ళ లెక్కకూ ఆయన లెక్కకూ ఎక్కడా పొంతన లేదు. ప్రతి బస్తాకూ "తరుగు" కింద కొంత తీసేస్తారట, తేమ అని, మట్టి అని. "మా లెక్క తప్పా టీచర్?" అంది పిల్ల. కూడికలు అన్నీ చూశాను. ఒక్కటీ తప్పు లేదు. అంత శ్రద్ధగా బడిలో కూడా ఎప్పుడూ రాయలేదు.

డబ్బు ఇంకా పూర్తిగా చేతికి రాలేదు. పోయేటప్పుడు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, అక్కడ తిన్న బియ్యం, బండి బాడుగ అన్నీ కోసుకొని మిగతాది ఉగాదికి ఇస్తానన్నాడట. ఆ మేస్త్రీ ఎవరో కాదు, మా సంఘం మనిషే. ఇవాళ మట్ట పట్టుకొని ముందు వరుసలో నడిచాడు.

28 మార్చి, పెద్ద గురువారం

పేపర్లో ఉపాధి హామీ కొత్త కూలి రేటు. మన రాష్ట్రానికి 272 రూపాయల నుంచి 300 అయింది, ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆడా మగా తేడా లేకుండా ఒకే కూలి ఉన్న పని మా ఊళ్ళో ఇదొక్కటే. అందుకే నేను ఈ పథకం మీద ఎవరు చులకనగా మాట్లాడినా ఊరుకోను. పనిచేసిన పదిహేను రోజుల్లో కూలి పడాలని చట్టం. ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం చొప్పున పరిహారం ఇవ్వాలి. వంద రూపాయలకు రోజుకు ఐదు పైసలు.

ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం దగ్గర ఆగిపోయాను. బీద కూలివాడి కూలి ఆ రోజే, సూర్యుడు అస్తమించక ముందే ఇచ్చేయాలని మోషే ఆజ్ఞ. వాడు దానిమీదే ఆశ పెట్టుకొని ఉంటాడని కారణం కూడా చెప్పాడు. యాకోబు పత్రికలో చేలు కోసినవాళ్ళకు ఎగ్గొట్టిన కూలి తానే మొరపెడుతుందని ఉంది. యేసు చెప్పిన ద్రాక్షతోట ఉపమానంలో కూడా సాయంత్రం కాగానే యజమాని చేసిన మొదటి పని కూలి పంచడం. ఇన్నిచోట్ల ఇంత తేటగా రాసి ఉన్నదాన్ని పక్కన పెట్టి, మేము అరుగు మీద వేరే సంగతులు తేల్చుకుంటూ కూర్చున్నాం. స్త్రీల వేదన అంటే మాటలకందని పెద్ద విషయం కావచ్చు. దానికి ఒక చివర మాత్రం చాలా చిన్నగా, చేతికందేలా ఉంది: తూకం సరిగ్గా వేయడం, పొద్దు గుంకే లోపల కూలి చేతిలో పెట్టడం.

సాయంత్రం పాదాలు కడిగే ఆరాధన. పాస్టరుగారు పన్నెండుమందిని కూర్చోబెట్టారు. నేను ముందే అడిగినందుకు ఆఖరి చాప అవ్వనూ కూర్చోబెట్టారు. ఆమె పాదాల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు పెద్దలు లేచి బయటికి వెళ్ళారు. పాస్టరుగారు ఆగలేదు. రేపు బల్ల దగ్గరికి కూడా ఆమెను పిలుస్తానని ఆరాధన ముగిశాక నాతో అన్నారు.

29 మార్చి

సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానం. ఐదో మాట, దాహం గురించినది, నాకు ఇచ్చారు. ఎక్కువ మాట్లాడలేదు. గాజా గురించి, మా ఊరి బోర్ల గురించి చెప్పి కూర్చున్నాను. అవ్వ బల్ల దగ్గరికి వచ్చింది.

31 మార్చి, పునరుత్థాన దినం

తెల్లవారుజామున సమాధుల దోవలో దీపాలు. నాలుగు సువార్తల్లోనూ ఖాళీ సమాధి మొదట చూసింది ఆడవాళ్ళే. లూకా ఇంకో మాట రాశాడు, వాళ్ళు చెబితే అపొస్తలులు నమ్మలేదని. పాస్టరుగారు ప్రసంగంలో దీని దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు.

భోజనాలయ్యాక చర్చి వసారాలో కూర్చున్నాం, సుగ్గినుంచి వచ్చిన ఆడవాళ్ళు, మేస్త్రీ, పాస్టరుగారు, నేను. పిల్ల నోటుబుక్కు మధ్యలో పెట్టాం. మేస్త్రీ మొదట గట్టిగానే మాట్లాడాడు. అక్కడి ఆసామి తనకూ ఇవ్వలేదన్నాడు, తరుగు అందరూ తీస్తారన్నాడు, చిన్నపిల్ల రాసింది లెక్కా అన్నాడు. మిరప చేతుల అక్క లేచింది. "పిల్ల రాసింది తప్పైతే నువ్వు రాసింది తీయన్నా, పక్కపక్కన పెట్టి చూద్దాం," అంది. ఆయన దగ్గర రాసిన కాగితమే లేదు.

రెండు గంటలు పట్టింది. తేలినవి ఇవి: రావలసిన డబ్బులో సగం ఈ బుధవారానికి, మిగతా సగం ఉగాది లోపల. వచ్చే సుగ్గికి ప్రతి గుంపులో రాయడం వచ్చిన ఒక ఆడమనిషి రెండు పుస్తకాలు రాయాలి, రోజూ సాయంత్రం మేస్త్రీ రెండింట్లోనూ సంతకం పెట్టాలి. పదహారేండ్ల లోపు ఆడపిల్లను ఎవరూ బండి ఎక్కించకూడదని కూడా అన్నాం. ఈ ఆఖరిదాని దగ్గరే ఎక్కువ గొడవైంది. తల్లులే ఒప్పుకోలేదు, చంటిబిడ్డల సంగతేమిటని. అది ఇంకా తేలలేదు, మళ్ళీ కూర్చోవాలి. సీజనల్ హాస్టల్లో చంటిబిడ్డలకు చోటు ఉండదు కాబట్టి, ఊళ్ళోనే ఉండిపోయే అవ్వలు నలుగురు కలిసి చూసుకుంటే స్త్రీల మైత్రి నుంచి వాళ్ళకు ఏమైనా ఇవ్వగలమా అని అడిగారు. లెక్క వేయాలి.

తూకం కోసం సొంతంగా ఒక వేలాడే త్రాసు కొందామని అవ్వలే అన్నారు. ఇంటింటా వంట చేసేటప్పుడు తీసిపెట్టే పిడికెడు బియ్యం ఏడాది పొడుగునా అమ్మగా వచ్చిన డబ్బు నా దగ్గరే ఉంది. మామూలుగా అది చర్చి సున్నాలకు పోతుంది. ఈసారి సున్నం ఆగుతుందని పాస్టరుగారే చెప్పారు. మంగళవారం బడి అయ్యాక ఆదోని పోయి, పత్తి మార్కెట్టు పక్క అంగళ్ళలో అడగాలి. ముద్ర వేసిన త్రాసే తీసుకోవాలి, బిల్లు అడగాలి.